తొడుగు చేతికా, యంత్రానికా?

శృంగవరపుకోటలో అరకు వైపు వెళ్లే రోడ్డు పక్కన ఒక లేత్ షెడ్డు ఉంది. రేకుల కప్పు, రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మిషను, గోడవారగా గ్రైండర్, బయట వెల్డింగ్ సెట్టు. మేస్త్రి, ఒక పనివాడు, ఒక కుర్రాడు. మొత్తం ముగ్గురు. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా చిన్నాన్న పవర్ టిల్లర్ షాఫ్టు అరిగిపోయిందంటే పట్టుకుని అక్కడికెళ్లాను.

కుర్రాడు ఐటీఐ పూర్తిచేసి కొత్తగా చేరినట్టున్నాడు. లేత్ దగ్గరికి వస్తూ జేబులోంచి తెల్లటి నూలు తొడుగులు తీసి వేసుకున్నాడు. అరచేతి వైపు రబ్బరు చుక్కలుంటాయే, ఆ రకం. వీడికి జాగ్రత్త తెలుసే అని నేను మనసులో మెచ్చుకునేలోపు మేస్త్రి కేకేశాడు.

"ఒరే గుంటడా, ముందా తొడుగులు తీసీ!"

"సెయ్యి కోసుకుపోద్ది కద మేస్త్రీ. గోడమీద బొమ్మ కూడా అలాగే ఉంటది."

"కోసుకుంటే కుట్టేసుకోవచ్చు. మిసను తొడుగునొగ్గదు, తొడుగు సెయ్యినొగ్గదు. తీసీ."

కుర్రాడు తీసేశాడు. షాఫ్టు చక్‌కి బిగించి లేత్ ఆన్ చేశారు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నేను పనిచేసే ఆఫీసులో ఏటా ఒక భద్రతా శిక్షణ జరుగుతుంది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఎలా పట్టుకోవాలో చూపిస్తారు, హెల్మెట్, తొడుగులు, బూట్లు వేసుకున్న మనిషి బొమ్మ తెరమీద వేస్తారు. భద్రత అనగానే నా కళ్లముందు మెదిలేది ఆ బొమ్మే, ఒంటినిండా ఏదో ఒకటి తొడుక్కున్న మనిషి. ఈ మేస్త్రి మాత్రం తొడుగు తీయడమే జాగ్రత్త అంటున్నాడు.

తర్వాత వెతికితే తెలిసింది, లోకం కూడా మేస్త్రి మాటే అంటోందని. కార్ఖానాల గోడల మీద పెట్టే గుర్తులకు ఐఎస్ఓ 7010 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ఎం009 అనే గుర్తు నీలం వృత్తంలో తొడుగుల బొమ్మ: తొడుక్కోండి అని. అందులోనే పీ028 అనే గుర్తు, ఎర్ర వృత్తంలో అడ్డగీత కొట్టిన తొడుగు: తొడుక్కోవద్దు అని. రెండూ నిజమే. వేడి ఇనుము, పదునైన రేకు, ఆమ్లం, వెల్డింగ్ నిప్పురవ్వ, వీటి దగ్గర తొడుగు లేకపోతే తప్పు. తిరిగే ఇరుసు దగ్గర తొడుగు ఉంటే తప్పు.

ఎందుకో లెక్క వేస్తే అర్థమవుతుంది. ఐదు సెంటీమీటర్ల మందం ఉన్న ఇనప కడ్డీ నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకి 15 చుట్లు. ఒక్కో చుట్టుకి దాదాపు 16 సెంటీమీటర్లు చుట్టుకుంటుంది. ఏదో పట్టుకుందని మనకి తెలిసి చెయ్యి వెనక్కి లాక్కోడానికి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో కడ్డీ మూడు చుట్లు తిరిగి 47 సెంటీమీటర్ల గుడ్డని చుట్టేసుకుంటుంది. అంటే ఇంచుమించు ఒక మూర, మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా. ఒట్టి వేలు నున్నటి కడ్డీకి తగిలితే చర్మం గీసుకుపోయో, కాలిపోయో వేలు బయటపడే అవకాశం ఉంటుంది. తొడుగు పోగు ఒక్కటి చిక్కుకుంటే, తొడుగు చిరగకుండా లోపలున్న దాన్నంతా తీసుకుని పోతుంది. తొడుగు ఎంత గట్టిదైతే అంత ప్రమాదం. చీర చెంగుకీ, తువ్వాలుకీ, పొడుగు చేతుల చొక్కాకీ, జడకీ, మెళ్లో దారానికీ, చేతిలో తుడుచుకునే బనీను వేస్టుకీ ఇదే లెక్క.

*

మా వైపు ఈ సంగతి లేత్‌ల కంటే ముందు చెరకు గానుగ దగ్గర తెలిసింది. కోట చుట్టుపక్కలా, పక్కనున్న జామి మండలంలోనూ చెరకు పండిస్తారు. జామి మండలం భీమసింగిలో సహకార చక్కెర కర్మాగారం వచ్చింది కూడా ఆ చెరకు కోసమే. దానికి ముందూ తర్వాతా కూడా రైతుకి బెల్లం వండుకునే గానుగ ఉంది. ఎద్దులు తిప్పే గానుగలో రోలర్లు ఎంత నెమ్మదిగా తిరుగుతాయంటే, వేలు చిక్కుకుంటే అరుపు విని ఎద్దుల్ని ఆపేయొచ్చు. ఎద్దు స్థానంలో డీజిల్ ఇంజనూ, తర్వాత కరెంటు మోటారూ వచ్చాయి. మోటారుకి అరుపు వినపడదు. చెరకు గడలు అందించే చేతులు మాత్రం మారలేదు, అవి ఎక్కువగా ఆడవాళ్ల చేతులు, గాజులతో సహా. మా చిన్నప్పుడు గానుగ దగ్గరికి వెళ్తే పెద్దవాళ్లు మొదట చెప్పే మాట పైట బొడ్డులో దోపుకోమని.

చెరకు రోలర్లకీ మనిషి చేతికీ ఉన్న వైరం మనకంటే చాలా పాతది. వోల్టేర్ 1759లో రాసిన 'కాండీడ్' చదివినవాళ్లకి సురినామ్‌లో దారిపక్క పడి ఉన్న నల్ల బానిస గుర్తుండే ఉంటాడు. అతనికి ఒక చెయ్యి లేదు. చక్కెర గానుగలో వేలు ఇరుక్కుంటే అక్కడ చెయ్యి నరికేస్తారని అతను చాలా మామూలుగా చెబుతాడు. వోల్టేర్ దాన్ని ఊహించి రాయలేదు. కరీబియన్ చక్కెర తోటల్లో గానుగ పక్కనే ఒక గొడ్డలి సిద్ధంగా ఉంచేవాళ్లు. మిషను ఆపడం కంటే చెయ్యి నరకడం తేలిక కాబట్టి. రోలర్ ముందు ఒక అడ్డుపలక పెడితే సరిపోతుందని వాళ్లకి తోచక కాదు. చెయ్యి పోగొట్టుకున్నవాడికి బదులు ఇంకొకడిని కొనుక్కోవచ్చు.

యంత్రానికి అడ్డు పెట్టాలా, మనిషిని జాగ్రత్తగా ఉండమనాలా అన్న వాదన అచ్చుకెక్కి పెద్ద గొడవైంది మాత్రం ఇంగ్లండులో. అక్కడి 1844 ఫ్యాక్టరీ చట్టం ప్రమాదకరమైన యంత్రభాగాలకి కంచె కట్టాలంది. బట్టల మిల్లుల్లో కప్పు కింద పొడుగ్గా ఇరుసులుండేవి. ఒకే ఆవిరి ఇంజను వాటిని తిప్పితే, వాటి నుంచి బెల్టులు కిందికి దిగి ఒక్కో మగ్గాన్నీ తిప్పేవి. జారిన బెల్టుని ఎక్కించబోయిన పనివాడి చొక్కా ఇరుసుకి చిక్కుకుంటే మనిషి పైకి లేచిపోయి ఇరుసుతోపాటు తిరిగేవాడు. ఎంత ఎత్తులో ఉన్నా ఇరుసుకి కంచె ఉండాల్సిందేనని 1854లో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ లియోనార్డ్ హార్నర్ పట్టుబట్టాడు. మిల్లు యజమానులు ఒప్పుకోలేదు. అంత ఎత్తులో ఉన్నదాన్ని ముట్టుకునేవాడిది తప్పు కాని ఇరుసుది కాదన్నారు. సంఘం పెట్టుకున్నారు.

ఆ ఏడాదే చార్లెస్ డికెన్స్ తన వారపత్రిక 'హౌస్‌హోల్డ్ వర్డ్స్'లో 'హార్డ్ టైమ్స్' నవలని ధారావాహికగా వేస్తున్నాడు. అదే పత్రికలో ఏప్రిల్ 22న హెన్రీ మోర్లీ అనే రచయిత మిల్లు ప్రమాదాల మీద ఒక వ్యాసం రాశాడు. తర్వాత రాసిన వ్యాసాల్లో యజమానుల సంఘాన్ని కార్మికుల్ని నలిపేసే హక్కుని కాపాడుకోవడానికి పెట్టిన సంఘమని వెక్కిరించాడు. దానికి జవాబుగా 1855లో హారియెట్ మార్టినో యజమానుల తరఫున ఒక పుస్తకమే వేసింది. ఆవిడ బానిసత్వానికి వ్యతిరేకంగా నిలబడ్డ మనిషి, స్త్రీల చదువు గురించి మాట్లాడిన మనిషి. అయినా కంచె విషయంలో ప్రభుత్వం తలదూర్చకూడదని, పనివాళ్లు అజాగ్రత్త మానుకోవాలని వాదించింది. చివరికి 1856లో వచ్చిన చట్టం కంచె నిబంధనని సడలించింది. గెలిచింది యజమానులే.

*

ఈ వాదన నీడ మన చట్టాల మీదా పడింది. మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. ప్రమాదకర యంత్రాలకి కంచె ఉండాలన్న మాట అందులోనే ఉంది. కాని ఆ చట్టం వర్తించేది వందమంది, అంతకు మించి పనిచేసే చోట మాత్రమే. 1891లో అది 50 మందికి దిగింది. 1922లో 20కి. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో చేసిన చట్టంలో కరెంటు వాడే చోట 10 మందికి, వాడని చోట 20 మందికి.

1948 చట్టం నాలుగో అధ్యాయం చదివితే, దాన్ని రాసినవాళ్లు షాపులో నిలబడి చూసి రాశారేమో అనిపిస్తుంది. ఇరవై ఒకటో సెక్షన్: ఫ్లైవీలుకీ, ఇరుసులకీ, బెల్టులకీ గట్టి కంచె ఉండాలి, యంత్రం తిరుగుతున్నంతసేపూ అది తన చోటులోనే ఉండాలి. ఇరవై ఆరో సెక్షన్: తిరిగే ఇరుసు మీద పైకి పొడుచుకొచ్చిన ఏ సెట్ స్క్రూనీ, బోల్టునీ అలా వదిలేయకూడదు, లోపలికి దించాలి లేదా మూత వేయాలి. బట్ట చిక్కుకునేది ఆ చిన్న బోల్టు తలకే. ఇక ఇరవై రెండో సెక్షన్: తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించాల్సి వస్తే, నూనె వేయాల్సి వస్తే, ఆ పని ప్రత్యేకంగా నేర్చుకున్న వయోజనుడే చేయాలి, అతని పేరు రిజిస్టర్‌లో ఉండాలి, ఒంటికి అతుక్కునే బిగుతైన బట్టలు వేసుకోవాలి, ఆ బట్టలు యజమానే ఇవ్వాలి.

బిగుతైన బట్టలు అన్న ఆ మాటా, మా మేస్త్రి మాటా ఒకటే. వదులుగా ఉన్నదేదీ తిరిగేదాని దగ్గరికి వెళ్లకూడదు. తేడా ఒక్కటే, చట్టం ఆ మాటని యజమానికి చెప్పింది, మేస్త్రి కుర్రాడికి చెప్పాడు.

మా జిల్లాల్లో ఈ చట్టం పేరు బాగా తెలిసినవాళ్లు జూట్ మిల్లు కార్మికులు. ఇక్కడి గోగునార భీమునిపట్నం రేవు మీదుగా వెళ్లేది కాబట్టి వ్యాపారుల భాషలో దానికి 'బిమ్లీ జ్యూట్' అని పేరొచ్చింది. ఆ నార కోసమే చిట్టివలసలో, నెల్లిమర్లలో మిల్లులు వెలిశాయి. నారని దువ్వే కార్డింగ్ మిషన్లు ముళ్ల రోలర్లతో నిండి ఉంటాయి. చట్టం, ఇన్‌స్పెక్టరు, యూనియను, ఈ మూడూ ఉన్న చోటు అది. వందలమంది పనిచేసే చోటు కాబట్టి.

కోటలోని లేత్ షెడ్డులో ముగ్గురే. 1881లోనైనా, 1948లోనైనా దాన్ని చట్టం కార్ఖానా అనదు. పార్లమెంటు 2020లో చేసి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ గీతని మళ్లీ పైకి జరిపింది. ఇప్పుడు కార్ఖానా అనిపించుకోవాలంటే కరెంటు ఉన్న చోట 20 మంది, లేని చోట 40 మంది ఉండాలి. పదిమంది ఉన్న సంస్థలకు కొన్ని సాధారణ బాధ్యతలు మిగిలాయి. ముగ్గురున్న షెడ్డుకి ఏదీ లేదు. లేత్ మాత్రం మనుషుల్ని లెక్కపెట్టుకుని తిరగదు. వందమంది ఉన్న చోటా, ముగ్గురున్న చోటా నిమిషానికి అవే 900 చుట్లు.

యంత్రాన్ని బట్టి నడిచే చట్టం అసాధ్యమేమీ కాదు. పంజాబ్, హర్యానా వైపు గోధుమ నూర్పిడి మిషన్లు వచ్చాక పొలాల్లో చేతులు తెగిపోవడం మొదలైంది. పొలం కార్ఖానా కాదు, ఫ్యాక్టరీ చట్టం అక్కడికి వెళ్లదు. అప్పుడు కేంద్రం 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. పనివాళ్లెంతమందని అడగకుండా, నూర్పిడి మిషను తయారుచేసేవాడినే లైసెన్సు కిందికి తెచ్చింది. గడ్డి అందించే తొట్టి చెయ్యి దూరనంత పొడుగ్గా ఉంటే చెయ్యి తెగదు, ఆ తొట్టి పెట్టాల్సింది తయారీదారు. ఇంత చిన్న విషయం. గానుగకీ లేత్‌కీ అలాంటి చట్టం రాలేదు.

*

ఇక్కడ సాహిత్యం చదివేవాళ్లకి బాగా తెలిసిన ఒక గుమాస్తా గురించి చెప్పాలి. 1908లో ఫ్రాంజ్ కాఫ్కా ప్రాగ్‌లోని కార్మిక ప్రమాద బీమా సంస్థలో చేరాడు. 1922లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే పనిచేశాడు. 1910లో అచ్చైన సంస్థ వార్షిక నివేదికలో కలపని చిత్రికపట్టే మిషన్ల మీద ఆయన ఒక భాగం రాశాడు. చాలా పొడిగా, బొమ్మలతో రాసిన నివేదిక. అప్పటి మిషన్లలో కత్తులు బిగించే ఇరుసు నలుపలకలుగా ఉండేది. అది తిరిగేటప్పుడు బల్ల అంచుకీ ఇరుసుకీ మధ్య పెద్ద సందు ఏర్పడేది. కర్ర కాస్త ఎగిరితే చెయ్యి ఆ సందులోకి పోయేది. వేళ్ల కణుపులు ఎలా తెగిపోతాయో కాఫ్కా చేతుల బొమ్మలు వేయించి చూపించాడు. తర్వాత పరిష్కారం చెప్పాడు: నలుపలకల ఇరుసు తీసేసి గుండ్రటి ఇరుసు పెట్టండి. సందు చిన్నదైపోతుంది, వేలు పడినా గీసుకుంటుంది కాని తెగిపోదు.

ఆ నివేదికలో నాకు నచ్చింది, కాఫ్కా ఎక్కడా పనివాడిని జాగ్రత్తగా ఉండమని బతిమాలకపోవడం. ఎంత జాగ్రత్త ఉన్న మనిషైనా ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి జారుతుందన్నది అతని లెక్కలో ముందే ఉంది. మార్చాల్సింది ఇరుసుని.

ఆ దారిలోనే ప్రపంచం నడిచి ఉంటే బాగుండేది. 1931లో అమెరికాలో ఇంకో బీమా ఉద్యోగి హెచ్. డబ్ల్యు. హైన్రిక్ పారిశ్రామిక ప్రమాదాల నివారణ మీద ఒక పుస్తకం వేశాడు. ప్రమాదాల్లో 88 శాతం మనుషుల తప్పు పనుల వల్ల, 10 శాతం మాత్రం పరిస్థితుల వల్ల అని అందులో తేల్చాడు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. ఎలా లెక్కేశాడని పరిశోధకులు తర్వాత చాలాసార్లు నిలదీశారు కాని అప్పటికే అది శిక్షణ పుస్తకాల్లోకి ఎక్కేసింది. దానితోపాటు పోస్టరూ వచ్చింది, నినాదమూ వచ్చింది. మన దగ్గర 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి పెట్టారు, 1972 నుంచి ఆ తేదీన భద్రతా దినం జరుపుతున్నారు. పోస్టర్లు చెడ్డవని అనను. కాని పోస్టర్‌లో ఉండేది ఎప్పుడూ మనిషే, మిషను వెనకాల ఎక్కడో ఉంటుంది. భద్రత అంటే మనిషి తొడుక్కునే సామాను అన్న నా ఆఫీసు బొమ్మ అక్కడి నుంచే వచ్చింది. యంత్రానికి కంచె కట్టడానికి డబ్బు కావాలి, పని ఆపాలి. తొడుగులు జత కొని ఇచ్చేయడం చవక. ఆ చవక తొడుగు తిరిగే ఇరుసు దగ్గర చెయ్యి పోవడానికి కారణమవుతుందన్న సంగతి అదే పోస్టర్‌లో చెప్పాలంటే చోటు చాలదు.

*

షాఫ్టు పూర్తవడానికి గంటన్నర పట్టింది. మేస్త్రి టీ తెప్పించాడు. గ్లాసు పట్టుకున్న ఎడమచేతి నడిమి వేలు రెండు కణుపులు లేవు. వచ్చినప్పటి నుంచీ కనబడుతూనే ఉంది, నేనే గమనించలేదు.

"ఇదెప్పుడు బాబాయ్?"

"పెల్లికి ముందు బాబూ. వైజాగ్‌లో ఓ షాపులో. బెల్టు కాడ."

"తొడుగులున్నాయా అప్పుడు?"

"తొడుగులెక్కడివి! బెల్టుకి మూతే నేదు."

నష్టపరిహారం ఏమైనా ఇచ్చారా అని అడిగాను. కట్టు కట్టించారు, నెల జీతమిచ్చారు అన్నాడు. 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టానికి ఒక పట్టిక ఉంది. ఏ అవయవం పోతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయినట్టో అందులో రాసి ఉంటుంది. సవరణల తర్వాతి పట్టిక ప్రకారం బొటనవేలు 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14. నడిమి వేలు 12, అందులో రెండు కణుపులే పోతే 9. ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. మనిషి చేతిని ఇంత శ్రద్ధగా విడదీసి చూసిన రాత ఇంకొకటి నేను చదవలేదు. మేస్త్రి వేలు 9 శాతం. ఆ తొమ్మిది శాతం గురించి ఆయనకి ఎవరూ చెప్పలేదు. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది: భద్రత కోసం పెట్టిన అడ్డుని పనివాడు కావాలని తీసేస్తే, ప్రాణం పోయినప్పుడూ శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వచ్చినప్పుడూ తప్ప, యజమాని పరిహారం ఇవ్వక్కర్లేదు. మూతే పెట్టని చోట తీసేసే ప్రశ్నే రాదు.

అప్పుడు లేత్ వైపు చూశాను. మోటారు నుంచి హెడ్‌స్టాక్‌కి వెళ్లే బెల్టు మీద మూత లేదు.

"మరి దీనికి మూత ఏది బాబాయ్?"

ఆయన నవ్వాడు. నవ్వులో కొంచెం మొహమాటం ఉంది. "ఉండీది. బెల్టు మార్సినప్పుడల్లా తీసి పెట్టడానికి టైమైపోతంది. మూల పడీసి ఉంది."

ఆయన్ని ఏమనాలో తోచలేదు. ఒక కుర్రాడి చెయ్యి కాపాడిన మాట ఆయనదే. తన వేలు తీసుకున్న బెల్టులాంటి దాన్ని తన షెడ్డులోనే మూత లేకుండా తిప్పుతున్నదీ ఆయనే. మేస్త్రుల జ్ఞానం గొప్పదని రాసి ఊరుకోవడం తేలిక. కాని ఆ జ్ఞానం కూడా చివరికి మనిషి ఒంటి మీదే భారం పెడుతోంది. తొడుగు తియ్యి, చేతులు మడుచు, కళ్లు తెరుచుకుని ఉండు. అవన్నీ కావాలి. కాని అవన్నీ పాటించిన మనిషికి ఒకరోజు జ్వరం రావొచ్చు, నిద్ర చాలకపోవచ్చు, ఫోన్ మోగొచ్చు. ఆ రోజు చేతికీ బెల్టుకీ మధ్య ఉండాల్సింది రేకు మూత. హార్నర్ అడిగిందీ, కాఫ్కా బొమ్మ గీయించి చూపించిందీ, మన ఇరవై ఒకటో సెక్షన్ రాసిందీ అదే. అది షెడ్డు దాకా రాలేదు. ఇప్పుడు చట్టం ఇంకొంచెం దూరం జరిగింది.

డబ్బులిచ్చి షాఫ్టు తీసుకున్నాను. వెనక నుంచి కుర్రాడు చిన్నగా అడగడం వినపడింది, "మేస్త్రీ, ఆ మూత ఏదో ఉందన్నారు కదా, ఎక్కడుంది?"

"సూడు, ఆ గ్రైండరు ఎనకాల. బోల్టులు నేవు దానికి."

"బోల్టులు నేను తెస్తాను," అన్నాడు వాడు.

తెచ్చాడో లేదో ఉగాదికి వెళ్లినప్పుడు చూడాలి.